దూరపు కొండలు – చేరువ పిట్టలు

పుత్తూరు నుండి నగరికి పోవు దారిలో కొండల వరుస యొకటి మన వెంట నడచి వచ్చుచున్నట్లుండును. ఆ వరుసలో ముక్కువలె పొడుచుకొని వచ్చిన శిఖరమును నగరి ముక్కు అందురు. బంగాళాఖాతములో పోవు ఓడలవారికి సైతము ఆ శిఖరము గుర్తుగా నుండెడిదని బ్రిటిషువారి కాలపు గెజిటీరు చెప్పుచున్నది. సముద్రము మీది నుండి కానవచ్చునంతటి కొండయే యైనను, దానిమీది చెట్లలో వేప ఏదో, రావి ఏదో క్రిందినుండి చెప్పుమన్నచో ఎవరికిని సాధ్యము కాదు. ఆకారము అందును గాని వివరము అందదు. దూరపు కొండలు నునుపు అని మన పెద్దలు ఊరక అనలేదు. అడవి జంతువులను, పక్షులను ఫొటో తీయదలచువారి చిక్కు అంతయు ఆ సామెతలోనే యున్నది.

మా ప్రాంతమున ఇప్పుడు ఈ అభిరుచి బాగుగ పెరిగినది. పుత్తూరు, నారాయణవనము, నగరి – ఏ యూరు చూచినను నలుగురైదుగురు యువకులు కెమెరాలు మెడలో వేసికొని కైలాసకోన దారిలోనో, చెఱువుకట్ట మీదనో కనబడుచున్నారు. వారందఱును మమ్ము అడుగు ప్రశ్న ఒక్కటే. కెమెరాతో పాటు వచ్చిన కటకము, అనగా లెన్సు, చాలుట లేదు. తీసిన బొమ్మలో పిట్ట చుక్కవలె పడుచున్నది. తక్కువ ఖర్చుతో దూరమును అందుకొను ఉపాయమేది?

ప్రశ్న చిన్నదే గాని దాని వెనుక ఇంటి ఖర్చు ఉన్నది. పత్రికలలో మనము చూచు గొప్ప వన్యప్రాణి చిత్రములను తీయువారి చేతిలో తఱచుగా 600 మిల్లీమీటర్ల నాభ్యంతరము గల ఎఫ్ 4 కటకముండును. దాని బరువు మూడు కిలోలు. వెల పది లక్షల రూపాయలకు పైమాట. అంత కాకున్నను, లక్షకు పైబడిన కటకములను వాయిదాల మీద తీసికొనుమని దుకాణములవారు ప్రోత్సహించుచుందురు. ఫొటోలు అమ్మి అప్పు తీర్చుకొనవచ్చునను ఆశతో సంతకము పెట్టినవారిని మేము ఎఱుగుదుము. పిట్టల ఫొటోలను డబ్బిచ్చి కొనువారు మన దేశములో బహు కొద్దిమంది. కావున అప్పు చేసి కటకము కొనవలదని ముందుగా చెప్పి, పిమ్మట ఉపాయములలోనికి వత్తుము.

మొదట కొంచెము లెక్క. ముప్పది సెంటీమీటర్ల పొడవు గల పాలపిట్ట యొకటి మనకు ముప్పది మీటర్ల దూరమున కరెంటు తీగపై కూర్చున్నదనుకొందము. మన కటకము 300 మిల్లీమీటర్లది. అప్పుడు కెమెరా లోపలి సెన్సారు మీద ఆ పిట్ట రూపము మూడు మిల్లీమీటర్లు మాత్రమే పడును. 600 మిల్లీమీటర్ల కటకము తగిలించినచో ఆఱు మిల్లీమీటర్లగును. సరే, కటకము మార్చక, పిట్ట ఎగిరిపోకుండ మనము పదునైదు మీటర్లు ముందుకు పోగలిగితిమా, అప్పుడును ఆఱు మిల్లీమీటర్లే. పది లక్షల గాజు చేయు పనిని పదునైదు మీటర్ల నేల చేసిపెట్టినది. పైగా వెలుతురు ఏమాత్రము తగ్గలేదు; నడుమ నున్న గాలి, దుమ్ము, వేడి సగమునకు తగ్గినవి. ఈ లెక్కను మనసులో నుంచుకొన్నవాడు దుకాణములో మోసపోడు.

రెండవ ఉపాయమునకును ఖర్చు లేదు. ఇంటికి వచ్చిన పిమ్మట బొమ్మ అంచులను కత్తిరించి నడిమి భాగమును మాత్రము ఉంచుకొనుటయే అది. ఇది దొంగపని యని కొందఱు చిన్నచూపు చూచెదరు. మాకు అట్లు తోచదు. నేటి సామాన్యపు కెమెరాలో బొమ్మ అడ్డముగ 6000, నిలువుగ 4000 చుక్కలతో ఏర్పడును. రెండు వైపుల సగము సగము కత్తిరించినను 3000, 2000 చుక్కలు మిగులును. దానిని అంగుళమునకు 300 చుక్కల చొప్పున అచ్చు వేసినచో పది అంగుళముల పొడవు, ఆఱున్నర అంగుళములకు పైగా వెడల్పు గల చక్కని పటమగును. గోడకు తగిలించుటకు అది చాలదా? అనగా రెండింతల కటకము మన కెమెరాలోనే దాగియున్నదన్నమాట. అయితే నియమము ఒకటి. మొదట తీసిన బొమ్మ నిశ్చలముగ, పదునుగ ఉండవలెను. అదరిన బొమ్మను కత్తిరించినచో అదురు మాత్రమే పెద్దదగును.

ఈ అదురు సంగతి మన యువకులు తగినంత పట్టించుకొనుట లేదు. చేతితో పట్టుకొని తీయునప్పుడు 300 మిల్లీమీటర్ల కటకమునకు షట్టరు సెకనులో 300వ వంతు కంటె నెమ్మదిగ ఉండరాదనునది పాత నియమము. చిన్న సెన్సారుల కెమెరాలకు ఇంకను వేగముండవలెను. మంచి ముక్కాలిపీట వేలు పోసి కొననక్కఱ లేదు. పాత ప్యాంటు కాలిని కత్తిరించి, అడుగు కుట్టి, చింతగింజలు నింపి మూతి కుట్టిన సంచి చాలును. దానిని బావిగట్టు మీదనో, బండరాతి మీదనో, కారు కిటికీ మీదనో వేసి, కటకమును దానిలో ఒదిగించిన, బిడ్డ తల్లి యొడిలో కుదురుకొన్నట్లు కుదురుకొనును. ఇసుక నింపవచ్చును గాని బరువు. మఱియు ఇసుక రేణువు కటకములోనికి పోయిన ఆ బాధ వేఱు.

సెన్సారుల మాట వచ్చినది గనుక ఒక అపోహను తీర్చవలెను. 36 మిల్లీమీటర్ల వెడల్పు గల పెద్ద సెన్సారు కెమెరాలు ఖరీదైనవి. సుమారు 24 మిల్లీమీటర్ల వెడల్పు గల చిన్న సెన్సారు కెమెరాలు చౌక. చిన్నదానిలో 300 కటకము 450 అగునని అమ్మువారు చెప్పుదురు. కటకము ఎక్కడను పొడుగు కాదు. పెద్ద బొమ్మలో అంచులను ముందే కత్తిరించి మనకిచ్చుచున్నారు, అంతే. అయినను ఇందులో మనకు లాభము లేకపోలేదు. రెండు కెమెరాలలోను చుక్కల సంఖ్య సమానమైనచో, చిన్న సెన్సారులో చుక్కలు దట్టముగ నుండును. అందుచేత అదే పిట్ట మీద రెండు రెట్లకు పైగా చుక్కలు పడును. వెలుతురు బాగుగ నున్నంతవఱకు పక్షులను తీయువానికి పాత చిన్న సెన్సారు కెమెరా కొత్త పెద్ద కెమెరాకు తీసిపోదు. మసక వెలుతురులో మాత్రము పెద్దదానిదే పైచేయి.

టెలికన్వర్టరు అనునది కెమెరాకును కటకమునకును నడుమ బిగించు గాజుల గొట్టము. 1.4 రెట్లది, 2 రెట్లది అని రెండు రకములు. అది దేనిని ఊరక ఇయ్యదు. మొదటిది వచ్చు వెలుతురులో సగము తినివేయును. రెండవది ముప్పాతిక తినివేయును. ఎఫ్ 5.6 కటకము మొదటిదానితో ఎఫ్ 8 అగును, రెండవదానితో ఎఫ్ 11 అగును. అంత చీకటిలో పాత కెమెరాలు తమంతట తాము ఫోకసు చేయజాలక అటునిటు తడుములాడును. మఱియు కటకములో నున్న లోపములను కూడ అదే లెక్కన పెంచి చూపును. కంపెనీలవారు చేయు మంచి కన్వర్టరులు చాలవఱకు ఖరీదైన కటకములకే పొసగును; వాని ముందు భాగము పొడుచుకొని యుండుటచే చౌక జూమునకు తగిలించిన గాజు గాజును ఒరసికొనును. కటకమునకు ముందర మరతో బిగించు చౌక గాజులున్నవే, వానిని గుఱించి ఎంత తక్కువ చెప్పిన అంత మేలు.

పాత కటకములను కొనుటలో ఆనందమున్నది. ఫిల్ము కాలములో 42 మిల్లీమీటర్ల మరచుట్టు గల కటకములు లోకమంతట తయారైనవి. 300, 400 మిల్లీమీటర్లవి ఇప్పటికిని పాతసామానులలో కొద్ది వేలకు దొరకుచున్నవి. వానిని నేటి అద్దము లేని కెమెరాలకు చిన్న ఉంగరముతో తగిలించవచ్చును. కెనాన్ వారి పాత ఈ.ఎఫ్. కెమెరాలకును పొసగును. కాని నికాన్ వారి అద్దము గల కెమెరాలకు ఆ ఉంగరముతో దూరపు వస్తువు మీద ఫోకసు కుదరదు. కటకమునకును సెన్సారునకును నడుమ ఉండవలసిన దూరము ఆ కటకములకు 45.46 మిల్లీమీటర్లు, నికాన్ కెమెరాలలో 46.5 మిల్లీమీటర్లు. ఈ ఒక్క మిల్లీమీటరు తేడా తెలియక కొన్నవాని డబ్బు నీటిపాలే. కొనునప్పుడు కటకమును దీపమున కెదురుగ పట్టి చూడవలెను. సాలెగూటి వంటి దారములు లోపల కనబడిన అది బూజు, వదలివేయవలెను.

అద్దముల కటకమని మఱొకటి ఉన్నది. గాజులకు బదులు అద్దములతో కాంతిని ముందు వెనుకలకు మడచుటచే 500 మిల్లీమీటర్ల కటకము అరచేతిలో ఇమిడిపోవును. వెల కొద్ది. అయితే రంధ్రము ఎఫ్ 8 వద్ద బిగిసిపోయి యుండును. పిట్ట వెనుక మెఱయు నీటి చుక్కలన్నియు గారెలవలె నడుమ చిల్లులతో పడును. చెఱువులో కొంగను తీసినవానికి గారెల పళ్ళెము కనబడిన ఆశ్చర్యపడనక్కఱ లేదు.

బైనాక్యులరు ఉన్నవారు దానికి ఫోను తగిలించి చూడవచ్చును. ఫోను కటకము సాధారణముగ 26 మిల్లీమీటర్ల దృష్టిని ఇచ్చును. ఎనిమిది రెట్ల బైనాక్యులరు వెనుక ఉంచినచో 200 మిల్లీమీటర్లు దాటును. ఇరువది రెట్ల దుర్భిణీ వెనుక ఐదువందలు దాటును. కదలకుండ రెంటిని కలిపి కట్టుటయే కష్టము. అట్టముక్కలు, రబ్బరు పట్టీలు, గుడ్డపేలికలు వేసి కట్టిన ఒక పరికరమును చూచి, ఇదియు పుత్తూరు కట్టేనని మేము నవ్వుకొన్నాము. విరిగిన ఎముకలను వెదురు బద్దలతో కుదిర్చి పేరుపొందిన ఊరిలో ఈ మాత్రపు కట్టు కుదరక పోవునా?

ఇక ఒకే కటకము శాశ్వతముగ అతుక్కొని యుండు పెద్ద జూము కెమెరాలు. నికాన్ వారు 2015లో 83 రెట్ల పీ 900ను, 2018లో 125 రెట్ల పీ 1000ను తెచ్చినారు. రెండవదానికి 3000 మిల్లీమీటర్లని ప్రకటనలలో వేసినారు. నిజమైన నాభ్యంతరము 539 మిల్లీమీటర్లే. సెన్సారు చిటికెనవ్రేలి గోరంత కనుక, పెద్ద సెన్సారుతో పోల్చి లెక్కకట్టిన అంకె అది. పిట్టను గుర్తుపట్టుటకు, చంద్రుని చూచుటకు ఇవి ముచ్చటైనవి. అడవి నీడలో మాత్రము బొమ్మ ఇసుక చల్లినట్లుండును.

ఇన్ని చెప్పినను, మా రాయలసీమలో ఎంతటి కటకమును ఓడించునది ఒకటున్నది. అది ఎండమావి. వేసవిలో ప్రొద్దెక్కిన కొలది నేల కాగి, దానిపై గాలి పొరలు పొరలుగ కదలుచుండును. దూరముననున్న లేడి కాళ్ళు నీటిలో నిలిచినట్లు వణకును. ఆ వణకును ఏ గాజును సరిచేయలేదు. కటకము పెద్దదైన కొలది వణకును పెద్దదగును. కావున తెల్లవాఱిన తరువాత రెండు గంటలు, ప్రొద్దు క్రుంకుటకు ముందు ఒక గంట – మన పనివేళలు ఇవియే. మధ్యాహ్నము మూడువందల అడుగుల దూరమున నున్న పిట్ట కొఱకు గాజు మార్చుట వ్యర్థము.

చెన్నపట్టణమున నివసించిన ఎం. కృష్ణన్ గారిని (1912–1996) ఇక్కడ తలచుకొనవలెను. దక్షిణదేశపు అడవులలో ఏనుగులను నలుపు తెలుపులలో ఆయన తీసినట్లు తీసినవారు అరుదు. 1950 నుండి కడవఱకు స్టేట్స్‌మన్ పత్రికలో ప్రకృతిని గుఱించి వ్రాసిన రచయిత ఆయన. ఆయన కెమెరా ఏ దుకాణములోను దొరకునది కాదు. వేఱు వేఱు చోట్ల సంపాదించిన భాగములను తానే కూర్చుకొన్నది. దానికి సూపర్ పాండరోసా అని తానే హాస్యముగ పేరు పెట్టుకొన్నాడు. దాని కంటె ఆయనకు అక్కఱకు వచ్చినది ఏనుగు చెవి ఎట్లు కదలిన ఏమి అర్థమో తెలియుట. పరికరము కొఱత తెలివితో తీఱునని చెప్పుటకు మాకు ఇంతకంటె మంచి సాక్షి దొరకడు.

అయితే పిట్ట దగ్గఱకు పోవుట యెట్లు? దానివైపు సూటిగ నడచుట వలన కాదు. జంతువు మనిషిని చూచి భయపడునది రెండు కాళ్ళపై నిలిచిన ఆకారము వలన, తనవైపే వచ్చు నడక వలన. పూర్వము వేటగాండ్రు బట్టమేకపిట్టను, కృష్ణజింకను ఎద్దుబండి నెక్కి సమీపించెడివారు. బండిని చూచి అవి బెదరవు. నేడు కారును చూచియు తఱచుగా బెదరవు. తలుపు తీసి దిగిన తక్షణము ఎగిరిపోవును. పొలములో నున్న మంచె, బావి ప్రక్క పంపుసెట్టు గది, ఆముదపు చేను – ఇవి అన్నియు మాటులే. లకుముకి పిట్ట దినమును ఒకే కొమ్మమీదనుండి నీటిలోనికి దుముకును. ఆ కొమ్మ ఏదో రెండు దినములు దూరమునుండి చూచి, మూడవనాడు చీకటితోనే వచ్చి మాటులో కూర్చున్నవానికి 200 కటకము సరిపోవును. ఈ విద్యలో మనకు గురువులు మేకల కాపరులును, యానాదులును. వారికి తెలిసిన దానిలో పదవ వంతు ఏ కెమెరా పుస్తకములోను లేదు.

ఇంకొక దూరమున్నది, దానిని తరతరములుగా ఊరివారు తగ్గించిపెట్టినారు. శ్రీ సత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలములో వీరాపురమను గ్రామమున్నది. ఎఱ్ఱకాళ్ళ కొంగలు ఏటేట వచ్చి ఆ ఊరి ఇండ్ల నడుమ చింతచెట్ల మీద గూళ్ళు కట్టుకొనును. ఊరివారు వానిని శుభముగ నెంచి కాపాడుచున్నారు. అక్కడ కొంగను తీయుటకు టెలిఫోటో అక్కఱ లేదు. నేలపట్టులో 1976 నుండి పక్షుల అభయారణ్యమున్నది. నీటిలో నిలిచిన కడపచెట్ల మీద గూడబాతులు పిల్లలను పెంచుకొనును. అక్కడ బాట విడువక నడచినను చూచుటకు కావలసినంత ఉన్నది. లక్ష రూపాయల కటకము కంటె వీరాపురమునకు బస్సు టిక్కెట్టు చౌక.

దగ్గఱకు పొమ్మంటిమి గాని అన్నింటి దగ్గఱకు కాదు. గూటిలో గ్రుడ్లుగాని పిల్లలుగాని ఉన్న పిట్టను సమీపించిన తల్లి లేచిపోవును. మండుటెండలో పావుగంట నీడ లేకున్న పిల్లలు మాడిపోవును. కాకి కాచుకొనియే యుండును. ఫోనులో పిట్ట కూత వినిపించి రప్పించు ఉపాయము ఈ మధ్య ప్రబలినది. శత్రువు వచ్చినదని భ్రమపడి తిండి మాని కొమ్మ కొమ్మకు తిరుగు పిట్ట ముఖము మా బొమ్మలో మాకు వలదు. రాత్రి తిరుగు దేవాంగపిల్లి కండ్లలోనికి ఫ్లాషు వేయుటయు అట్టిదే. ఆ కండ్లు చీకటి కొఱకు ఏర్పడినవి.

మఱి కొన్ని జంతువుల విషయమున దూరమే మన ప్రాణము. ఎలుగుబంటి, ఏనుగు, చిఱుత – వీనికి లెక్క తలక్రిందగును. 2023 ఆగస్టులో తిరుమలకు పోవు అలిపిరి నడకదారిలో చిఱుత ఒక బాలికను చంపినది. ఆ కొండలలో ప్రొద్దుగూకిన తరువాత ఫొటో కొఱకు బాట వదలి పోవువారు ఈ సంగతి మఱవరాదు. చిత్తూరు జిల్లా కౌండిన్య అడవుల ప్రాంతమున ఏనుగు పొలములోనికి వచ్చినదని విన్న వెంటనే ఫోను పట్టుకొని పరుగెత్తువారిని చూచిన మాకు గుండె దడదడలాడును. అక్కడ 300 కటకము చాలకపోయినచో ఫొటో లేదనుకొని ఇంటికి రావలెను.

చట్టము మాటయు తెలిసియుండవలెను. శేషాచలపు అడవిలో చాల భాగము 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ వనము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అట్టి చోట్లకు ఫొటోల కొఱకు పోవుటకును అటవీశాఖవారి అనుమతి కావలెను. ఎఱ్ఱచందనపు దొంగల కొఱకు కాపలా కాయు అడవి అది. సంచి భుజాన వేసికొని చెట్ల చాటున నక్కినవాడు ఫొటోగ్రాఫరో కాడో కాపలావానికి ఎట్లు తెలియును?

చేరువకు పోనే పోక ఫొటో తీసిన ఉదాహరణ ఒకటి మన సీమలోనే యున్నది. కలివికోడి 1900 తరువాత ఎవరికిని కానరాక, 1986లో కడప జిల్లా పొదలలో మరల దొరకినది. అది రాత్రించరము, మనిషి అడుగు వినిన కానరాదు. దానిని వెదకిన శాస్త్రజ్ఞులు పొదల నడుమ మెత్తని మట్టిని బాటలుగ పఱచి అడుగుజాడలను చూచినారు. జంతువు అడ్డమువచ్చినంతనే తమంతట తాము తీయు కెమెరాలను అమర్చినారు. వారు కొలిచినది కటకము పొడవు కాదు, పిట్ట నడచు దారి. అట్టి కెమెరాలు ఇప్పుడు సామాన్యపు జూము వెలకే దొరకుచున్నవి. మన సొంత తోటలో ముంగిస, అడవిపిల్లి వచ్చు దారిలో ఒకటి కట్టి చూడవచ్చును.

కొత్తగా మొదలుపెట్టువారికి మా సలహా ఇది. పాత చిన్న సెన్సారు కెమెరా యొకటి, 70 నుండి 300 వఱకు గల పాత జూము ఒకటి, చింతగింజల సంచి ఒకటి. మిగిలిన డబ్బుతో బైనాక్యులరు. కార్తీకపు వానలకు చెఱువులు నిండి కొంగలు, బాతులు దిగు దినములలో, తూర్పు తెల్లవాఱకమునుపే కట్ట చేరి, సూర్యుని వీపున పెట్టుకొని కూర్చుండవలెను. ముదురు రంగు బట్టలు కట్టుకొనుడు. సెల్‌ఫోను మోత ఆపుడు. మొదటి గంటలో ఏమియు తీయక చూచుచుండుడు. నీటికాకులు ఏ రాతిమీద రెక్కలు ఆరబెట్టుకొనుచున్నవో ఆ రాతికి పదునైదు మీటర్లలో మఱునాడు మీ చోటు.